శాంత గారి రెండో డిస్కు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఏటా ఆగస్టు ఇరవై ఐదున ఒక పుట్టినరోజు జరుగుతుంది. కేకు ఉంటుంది, కాఫీ ఉంటుంది, పిల్లలకు యాపిల్ రసం ఉంటుంది. పుట్టినవాడు మాత్రం కనబడడు. ఎందుకంటే పుట్టింది మనిషి కాదు, లైనక్స్. కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాం. ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు పంచుకోవచ్చు. 1991లో ఆ రోజున హెల్సింకీలో ఓ విద్యార్థి, తానొక చిన్న ప్రోగ్రాం సరదాకి రాసుకుంటున్నానని, అదేమంత పెద్దది కాబోదని నలుగురికీ తెలియజేశాడు. ఆ సరదా పనే ఇవాళ మన జేబుల్లో ఫోన్ల నుంచి ఇంటర్నెట్‌ని మోసే యంత్రాల దాకా నడిపిస్తోంది. అందుకని ఆ తేదీని పుట్టినరోజంటారు.

ఎర్లాంగెన్ వాళ్ళ పుట్టినరోజుకి ఒక పద్ధతి ఉంది. కేకు పక్కనే బల్ల మీద ఓ పాత కంప్యూటర్ పెట్టి, దాన్ని రెండు ఫ్లాపీ డిస్కులతో నిద్ర లేపుతారు. మొదటి డిస్కు పెట్టి స్విచ్చి వేస్తే అది కాసేపు గరగరలాడి, తెర నిండా తెల్ల అక్షరాలు పోసి, ఇక రెండో డిస్కు పెట్టి ఎంటర్ నొక్కమంటుంది. రెండోది పెడతారు. మళ్ళీ గరగర. చివరికి నల్లటి తెర మీద # అన్న గుర్తొకటి వచ్చి నిలబడుతుంది. నేను సిద్ధం, ఏం చెయ్యమంటారు, అని దాని అర్థం. ఆ గుర్తు వచ్చేదాకా కేకు మీద కత్తి పెట్టరు. ఎంత పెద్దవాళ్ళు వచ్చినా, ఏ పిల్లవాడు ఏడ్చినా సరే.

ఆ కంప్యూటర్ మా పై అంతస్తులో ఉండే శాంత గారిది.

శాంత గారిది కాకినాడ. భర్త రవీంద్రనాథ్ గారు ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ కంపెనీలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఒకే మెట్ల మీద ఏడాది పాటు ఎక్కి దిగుతున్నా నాకు ఆవిడ గురించి ఏమీ తెలియదు. తెలిసింది 2020 వసంతంలో, లాక్‌డౌన్ వచ్చాక. ఒకరింట్లోకి ఒకరు వెళ్ళకూడని రోజులు. ఆవిడ పైమెట్టు మీద, నేను కింది మెట్టు మీద, మధ్యలో ఓ వరస మెట్లు ఖాళీ. నా పాత లాప్‌టాప్ తెరుచుకోవడానికే పావుగంట పడుతోందని వినగానే ఆవిడ లోపలికి వెళ్ళి ఓ పెన్‌డ్రైవ్ తెచ్చి, మధ్య మెట్టు మీద పెట్టి, మళ్ళీ పైకి వెళ్ళి కూచున్నారు.

"పెట్టావా? ఇప్పుడేం కనిపిస్తోందే భానూ?"

"అంతా నల్లగుంది ఆంటీ. ఖరాబైనట్టుంది."

"నల్లగా ఉంటే మంచిదే. తెల్లగా అయితే చెప్పు, అప్పుడు కంగారు పడదాం."

తలుపు వెనక నుంచి రవీంద్రనాథ్ గారి గొంతు. "భానూ, ఇప్పుడే చెబుతున్నా, పారిపో! మా ఆవిడ చేతిలో పడ్డ కంప్యూటర్ ఇక ఛస్తే చావదు. కొత్తది కొనుక్కునే యోగం నీకుండదు."

అలా మొదలైంది. ఆ వసంతమంతా మెట్ల మీద నేను నేర్చుకున్నది కొంచెం, విన్నది చాలా.

ఆవిడ వచ్చిన కొత్తలో వీసా మీద ఉద్యోగం చేసే అనుమతి లేదు. లెక్కల్లో డిగ్రీ ఉంది, చేతిలో పని లేదు. భాష కోసమని ఊరివాళ్ళ సాయంత్రం బడిలో చేరి, భాష వచ్చాక అక్కడే కంప్యూటర్ క్లాసులో చేరారు. పాఠం చెప్పేది డీటర్. యూనివర్సిటీలో కంప్యూటర్లు బాగుచేసే టెక్నీషియన్. పొడుగు మనిషి, పని చేస్తున్నంతసేపూ తనకొక్కడికే తెలిసిన పాటేదో ముక్కుతో తీస్తూ ఉండేవాడు. క్లాసులో అందరూ ఉత్తరం టైపు చెయ్యడం ఎలా, అక్షరాలు పెద్దవి చెయ్యడం ఎలా అని అడుగుతుంటే శాంత గారు చెయ్యెత్తి, "ఈ డబ్బా లోపల ఏం జరుగుతోందో చూడొచ్చా?" అని అడిగారట.

డీటర్ పాట ఆగిపోయింది. "ఇందులో చూడ్డానికి లేదు. తాళం వేసి అమ్ముతారు. చూడాలనుంటే చెప్పు, వచ్చే వారం ఇంకోటి తెస్తాను."

1992 చలికాలం అది. అన్నట్టే రెండు డిస్కులు తెచ్చాడు. కథ కూడా తెచ్చాడు. కంప్యూటర్‌కి కావలసిన పనిముట్లను, అందరికీ చెందాలని, కొందరు ఏళ్ళ తరబడి రాసి పెట్టారట. అన్నీ ఉన్నాయి, వాటన్నింటినీ నడిపించే గుండెకాయ ఒక్కటే లేదు. ఆ గుండెకాయను హెల్సింకీ కుర్రాడు రాయడం మొదలుపెట్టాడు. రాసి దాచుకోలేదు, పదిమంది ముందూ పెట్టాడు. దేశదేశాల వాళ్ళు అందులో తప్పులు పట్టారు, పట్టి ఊరుకోకుండా సరిచేసి పంపారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఎంత?" అన్నారు శాంత గారు.

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండా ఎవరిస్తారు?"

"నా షరతు ఒకటుంది. అడిగినవాళ్ళకి కాపీ చేసి ఇవ్వాలి."

కాకినాడలో ఊరికే వచ్చినదాన్ని అటూ ఇటూ తిప్పి చూడమని పెంచారట ఆవిడని. ఇంటికెళ్ళి తిప్పి చూశారు. రవీంద్రనాథ్ గారు ఆఫీసు పని కోసం కొనుక్కున్న 386 రకం కంప్యూటర్ ఉంది. మొదటి డిస్కు, రెండో డిస్కు. # వచ్చింది.

"అదేమీ అడగలేదే భానూ. నువ్వెవరు అనలేదు, నీకు లైసెన్సుందా అనలేదు, ఇది కొనుక్కో అది కొనుక్కో అనలేదు. గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా నిలబడింది. రమ్మంటే వస్తా అన్నట్టు. నేను టీ చల్లారిపోయేదాకా దాన్ని చూస్తూ కూచున్నాను. ఏం టైపు చెయ్యాలో తెలిస్తేగా!"

తరవాత డీటర్ ఆ ప్రోగ్రాం మూలాన్ని కాగితాల మీద అచ్చు వేసి ఇచ్చాడు. అర్థమైంది తక్కువే. కానీ ఒకచోట రాసినవాడు తన మాటగా ఓ వాక్యం రాసి పెట్టాడట. ఇది అందంగా లేదని నాకూ తెలుసు, సరైన పద్ధతేమిటో దొరకలేదు, ఇలా అయితే పనిచేస్తున్నట్టుంది, అని దాని సారం. శాంత గారు ఆ కాగితం పట్టుకుని వంటగదిలో నిలబడిపోయారు. అమ్మకానికి పెట్టినవాడెవడైనా అలా రాస్తాడా? లోకమంతా చూసేచోట, నాకు రాలేదు, మీకొస్తే చెప్పండి అని? దేవుడి గుడిలో కూడా అంత నిజం మాట్లాడేవాళ్ళని చూడలేదంటారావిడ.

షరతు ప్రకారం పంచడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఫోను తీగ మీద ఇంత ప్రోగ్రాం దింపుకోవడమంటే మాటలు కాదు. యూనివర్సిటీలో ఉన్నవాళ్ళకే అది కుదిరేది. మిగిలినవాళ్ళు ఖాళీ డిస్కులు పట్టుకుని శాంత గారి వంటగదికి వచ్చేవాళ్ళు. విద్యార్థులు, బడిపంతుళ్ళు, ఓ దంత వైద్యుడు కూడా. కుక్కర్ కూతలేస్తుంటే బల్ల మీద డిస్కులు కాపీ అయ్యేవి. కాపీ చెయ్యడంతో అయిపోదు, మళ్ళీ మొదట్నుంచి చదివించి సరిచూడాలి. ఒక్కోసారి కాపీ సరిగా రాదు. అప్పుడు శాంత గారు తన దగ్గరున్న మంచి డిస్కు వాళ్ళ చేతిలో పెట్టి, వచ్చిన కాపీతో తాను సరిపెట్టుకునేవారు. వడ్డించేటప్పుడు విరగని అప్పడం చుట్టానికి వేసి, విరిగింది మనం వేసుకోమూ, అలాగ.

"మంచిది వాళ్ళకి, మిగిలింది మనకి. డీటర్‌కి నేను చెప్పిన ఒకే ఒక్క రూలు ఇది. తిక్కదానివి అన్నాడు. తరవాత తనూ అలాగే చేశాడు."

ఇంట్లో రవీంద్రనాథ్ గారి ఆఫీసు డిస్కుల మీద కూడా ఒకటి, రెండు అనే ఉండేది. ఒకసారి తారుమారై ఆయన మీటింగుకి లైనక్స్ పట్టుకెళ్ళారు. అప్పట్నుంచి శాంత గారు తన డిస్కుల మీద తెలుగు అంకెలు వేయడం మొదలుపెట్టారు. ఒకదాని మీద ౧, ఇంకోదాని మీద ౨. జర్మన్లకు ఆ రెండో అంకె నత్తలా కనబడింది. నత్త డిస్కు, నత్త డిస్కు అని అదే పేరు ఖాయమైపోయింది. ఫోన్ చేసి, "అమ్మా, ఒక నత్త దొరుకుతుందా?" అని అడిగేవాళ్ళట.

ఆ నత్త డిస్కులోనే డీటర్ పాట ఉంది. తాను ముక్కుతో తీసే ఆ పాటనే, కంప్యూటర్‌లో కీచుమనే చిన్న స్పీకర్ పలికేలా స్వరాలు అంకెలుగా రాసి పెట్టాడు. # వచ్చాక అతని పేరు టైపు చేస్తే మోగేది. ప్రతి పుట్టినరోజుకీ కేకు కొయ్యబోయే ముందు అది మోగించడం ఆనవాయితీ అయింది.

తొలి పుట్టినరోజుల గురించి చెప్పేటప్పుడు శాంత గారి గొంతు తగ్గిపోతుంది. చర్చి వాళ్ళ హాలు అద్దెకు తీసుకునేవారు. ఇది సైకిళ్ళ ఊరు కదా. పిల్లల్ని కూచోబెట్టుకునే సైకిలు బండ్లలో కంప్యూటర్లను కూచోబెట్టి, పిల్లలకు కట్టినట్టే బెల్టులు కట్టి తెచ్చేవాళ్ళు. కొందరి పిల్లలు పాపం వెనక నడిచొచ్చేవాళ్ళు. హాల్లోకి దించాక తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ పక్కన కూచోవడం, సాయంత్రానికి ప్రతి తెర మీదా # రావడం. ఒక్కో తెర మీద అది వచ్చినప్పుడల్లా హాలంతా చప్పట్లు. "మన ఊళ్ళో పురిటి గది బయట కూచునేవాళ్ళం చూడు, లోపలినుంచి ఏడుపు వినపడితే ఊపిరి పీల్చుకునేవాళ్ళం. అలా ఉండేదే."

2020లో ఆ హాలు తెరవలేదు. పుట్టినరోజు వీడియో కాల్లో చేశారు. డీటర్ అందులో లేడు. అంతకు ముందు చలికాలంలో మెట్ల మీద జారిపడ్డాక అతను వృద్ధుల హోంకి మారాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు అతని సామానంతా, డిస్కులతో సహా, చెత్తలోకి పోయింది. మార్చి నుంచి హోం తలుపులు మూసేశారు. అదృష్టం కొద్దీ అతని గది కింది అంతస్తులో. శాంత గారు వారం వారం వెళ్ళి కిటికీ బయట నిలబడేవారు. మధ్యలో అద్దం. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు.

ఆ ఆగస్టులో అతను అడిగాడు. "యంత్రం లేచిందా?"

"లేచింది," అన్నారు శాంత గారు. నిజానికి ఆ ఏడు దాన్ని అటక మీంచి దించనే లేదు. ఒక్కరూ కూచుని ఏం మోగించుకుంటారు?

"పాట?"

"మోగింది."

డీటర్ అద్దానికి దగ్గరగా జరిగాడు. "వచ్చే ఏటికి దానికి ముప్పై. అప్పుడు నేను వినాలి శాంతా. ఈ అద్దం లేకుండా."

"వినిపిస్తాను," అన్నారావిడ.

ఆ చలికాలం హోంలో కరోనా తిరిగింది. డీటర్‌కీ వచ్చింది. తట్టుకున్నాడు కానీ బాగా తగ్గిపోయాడు. కొన్ని రోజులు శాంత గారిని గుర్తుపట్టేవాడు, కొన్ని రోజులు పట్టేవాడు కాదు. పాట మాత్రం ముక్కుతో తీస్తూనే ఉన్నాడని నర్సు చెప్పింది. టీకాలయ్యాయి, 2021 వేసవికి ఆవరణలో కలుసుకోనిచ్చారు.

జులైలో శాంత గారు అటక మీంచి యంత్రం దించారు. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి అది తేదీ మరిచిపోయి, ఇవాళ 1980 జనవరి ఒకటి అంటూ లేచింది. "పాపం, దాని లెక్కలో లైనక్స్ ఇంకా పుట్టలేదు," అని ఆవిడ నవ్వుకున్నారు. మొదటి డిస్కు బాగానే చదివింది. రెండోది పెట్టి ఎంటర్ నొక్కారు.

క్రర్ర్. ఆగింది. మళ్ళీ క్రర్ర్. తెర మీద చదవలేకపోతున్నానన్న వాక్యం, దాని కింద మళ్ళీ అదే వాక్యం. # రాలేదు.

తుడిచారు, ఆరబెట్టారు, డ్రైవు శుభ్రం చేశారు. రాలేదు. ఆ డిస్కుకి రెండో నకలు ఇంట్లో లేదు.

"ఊరందరికీ బ్యాకప్ తీసుకోండి బ్యాకప్ తీసుకోండి అని పాఠాలు చెబుతుంది," అన్నారు రవీంద్రనాథ్ గారు నాతో. "నేను కళ్ళజోడు ఎక్కడ పెట్టానంటే రెండోది ఉంచుకోవద్దా అంటుంది. తన డిస్కుకి మాత్రం ఒక్క కాపీ లేదు! ఎందుకు లేదే?"

"అడిగినవాళ్ళకి ఇచ్చేశానండీ."

"మంచివన్నీ ఇచ్చేసి, కాపీకి కాపీకి కాపీ మనకుంచావు. ఈ తప్పు మీ లైనక్స్ గుంపువాళ్ళు తప్ప ప్రపంచంలో ఎవరూ చెయ్యరు."

శాంత గారు ఆ డిస్కుని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూచున్నారు. ఎప్పుడూ మాటకి మాట అనే మనిషి. నాకది భయంగా తోచింది.

"ఆంటీ, ఆ కాలం డిస్కులు ఇంటర్నెట్‌ల దొరుకుతయి గద?" అన్నాను. అప్పటికి నేనూ కొంత వెతకడం నేర్చుకున్నాను.

"దొరుకుతాయి. అన్నీ భద్రంగా ఉంచారు మహానుభావులు. డీటర్ పాట దొరకదు."

మర్నాడు ఆవిడ పాత గుంపులో అందరికీ మెయిలు రాశారు. ఎవరి దగ్గరైనా నత్త డిస్కు మిగిలి ఉందా? ఆగస్టు ఇరవై ఐదులోగా కావాలి, డీటర్ కోసం. జవాబులు వరదలా వచ్చాయి. ఆ డిస్కుతోనే నా బతుకు తిరిగిందని ఒకరు. ఆ వంటగదిలో తిన్న గారెల రుచి ఇంకా మరవలేదని ఒకరు. డిస్కు మాత్రం ఎవరి దగ్గరా లేదు. వోల్ఫ్‌గాంగ్ అనే ఆయన ఒక్కడే కాస్త ఆశ పెట్టాడు. చదువయ్యాక డెగ్గెన్‌డార్ఫ్ అనే ఊళ్ళో కాలేజీ ల్యాబ్‌లో చేరానని, తనది అక్కడి అలమరలో పడేశానని, తాను రిటైరై చాలాకాలమైందని, ఇప్పుడున్నవాళ్ళకి కబురు పెడతానని రాశాడు.

ఆగస్టు నడిమధ్యలో ఫోన్ మోగింది. మేం మెట్ల మీదే ఉన్నాం. శాంత గారు స్పీకర్ పెట్టారు.

"నమస్తే ఆంటీ! నేను డెగ్గెన్‌డార్ఫ్ కెళ్ళి స్నిగ్ధను మాట్లాడుతున్న. ఇక్కడ ల్యాబ్‌ల ఇంజనీర్‌ను. మాది నిజామాబాద్. మా పాత సారు నత్త బొమ్మున్న డిస్కు దేవులాడుమన్నడు. అలమరలన్నీ సదిరిన ఆంటీ, నత్త యాడ దొరకలే."

శాంత గారు కళ్ళు మూసుకున్నారు. "పర్లేదమ్మా. శ్రమపడ్డావు."

"ఆగుండ్రి ఆంటీ, చెప్పనీయుండ్రి! నత్త దొరకలే గానీ, మన రెండు దొరికింది."

"మన రెండా?"

"తెలుగు రెండు ఆంటీ! చిన్నప్పుడు మా సుగుణ టీచరు బలపం పట్టిచ్చి దిద్దిపిచ్చింది. చూడంగనే పరేశానైన. ఈ డెగ్గెన్‌డార్ఫ్ అలమరల మన రెండు ఎవరు రాసిన్రబ్బా అని! ఇక్కడోళ్ళకు గది నత్త లెక్క కొడ్తదేమో!"

శాంత గారు మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. లోపలి నుంచి రవీంద్రనాథ్ గారు, "ఏమైందే? ఏమైంది?" అంటూ ఒక చెప్పు తొడుక్కుని పరిగెత్తుకొచ్చారు.

స్నిగ్ధ పోస్టులో పంపడానికి ఒప్పుకోలేదు. సెలవు పెట్టి తానే రైల్లో తెచ్చింది. డిస్కుని పేపర్ నాప్కిన్లో చుట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, దారి పొడుగునా ఒళ్ళోనే ఉంచుకుందట. "బ్యాగుల పెడితే ఫోను తగుల్తదేమోనని భయమైంది ఆంటీ. పక్క సీటాయన రెండు సార్లు డబ్బా దిక్కు చూసిండు. తినేటిది అనుకున్నడు."

డబ్బా మూత తీశారు. లేబులు పసుపుపచ్చబడింది. దాని మీద నీలం సిరాతో ౨. శాంత గారు దాన్ని వెంటనే పట్టుకోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, అప్పుడు తీసుకున్నారు.

ఆ మధ్యాహ్నం వంటగది బల్ల మీద జరిగింది నేను చూశాను. అందులో కిటుకు చెప్పలేను, చూసిందే చెబుతాను. డిస్కుని లాప్‌టాప్‌కి తగిలించిన చిన్న డ్రైవులో పెట్టి, శాంత గారు ఓ ప్రోగ్రాం నడిపించారు. దానిదీ చిత్రమైన ఓపిక. వచ్చినంత చదువుకుంటుంది. రానిచోట పట్టుబట్టి కూచోకుండా గుర్తు పెట్టుకుని ముందుకు పోతుంది. అంతా అయ్యాక మళ్ళీ వెనక్కొచ్చి, రాని చోట్లను ఒక్కొక్కటే తడుతుంది. ఇది కూడా ఎవరో రాసి ఊరికే పెట్టిందే. కాఫీ అయింది, భోజనాలయ్యాయి, అది తడుతూనే ఉంది. చివరికి ఆగింది.

"ఏమైంది ఆంటీ?" అంది స్నిగ్ధ.

"ఇది కూడా పూర్తిగా రాలేదమ్మా. మొదట్లో ఓ ముక్క పోయింది."

 

శాంత గారు తెర వైపే చూస్తూ కూచున్నారు. తరవాత లేచి వెళ్ళి తన డిస్కు తెచ్చారు. చదవనని మొరాయించిన ఇంటి నత్త. "దీనికి పోయింది చివర్లో," అన్నారు మెల్లగా. "మొదట్లో కాదు."

ఆ ప్రోగ్రాంకి రెండో డిస్కు చూపించి, ఇంతకుముందు రాని చోట్లు మాత్రం ఇందులో చదువుకో అని చెప్పారు. రెండు డిస్కుల మీదా రాత పడకుండా అడ్డుండే చిన్న మీట మొదటి రోజు జరిపినట్టే జరిపి ఉంది. అందువల్ల అన్నేళ్ళూ ఏ అక్షరమూ మారలేదు. రెండూ ఒకటే. అది తట్టింది. ఒక ఖాళీ నిండింది. ఇంకోటి నిండింది. తెర మీద పోయినవి ఎన్ని అన్నచోట సున్నా పడింది.

ఎర్లాంగెన్ వంటగదిలో ఉండిపోయిన డిస్కు ఒకటి, డెగ్గెన్‌డార్ఫ్ అలమరలో దుమ్ము తిన్న డిస్కు ఒకటి. రెండూ చెడిపోయినవే. 

"అంటే..." అన్నారు రవీంద్రనాథ్ గారు. "ఆ రోజు నువ్వు పంచకుండా దాచుకుని ఉంటే..."  టీ పెడతానని లేచి వెళ్ళిపోయారు. ఆయన టీ పెట్టడం నేను చూడ్డం అదే మొదలు.

ఆగస్టు ఇరవై ఐదు. యంత్రాన్ని సైకిలు బండిలో కూచోబెట్టి బెల్టు కట్టాం. పాతకాలపు తెర బరువుకి బండి ఓ పక్కకి ఒరిగింది. రవీంద్రనాథ్ గారు తొక్కుతుంటే శాంత గారు పక్కన నడుస్తూ, "నెమ్మదండీ! గుంతండీ! అది మీ ఆఫీసు కారు కాదు!" అంటూనే ఉన్నారు.

హోం ఆవరణలో బల్ల వేశారు. నర్సు ఓ కిటికీలోంచి కరెంటు తీగ అందించింది. టీకా కాగితాలు, పరీక్ష కాగితాలు చూపించి, మాస్కులు తగిలించుకుని పాత గుంపులో కొందరు దూరదూరంగా నిలబడ్డారు. శాంత గారి రవ్వ కేకు బల్ల మీదుంది. డీటర్‌ని చక్రాల కుర్చీలో తెచ్చారు. వేసవిలో కూడా ఒళ్ళో దుప్పటి. మమ్మల్ని చూసి తలాడించాడు కానీ ఎవరినీ గుర్తుపట్టినట్టు లేదు. శాంత గారు వంగి పలకరించారు. మర్యాదగా నవ్వి, "మీరు కొత్త నర్సా?" అన్నాడు.

ఆవిడ మొహం మాస్కు వెనక ఏమైందో నాకు కనబడలేదు. "కాదు," అని చెప్పి, వెళ్ళి స్విచ్చి వేశారు.

మొదటి డిస్కు గరగరలాడింది. ఎండకి తెర కనబడడం లేదని స్నిగ్ధ గొడుగు పట్టింది. తెల్ల అక్షరాలు. రెండో డిస్కు పెట్టి ఎంటర్ నొక్కండి. పెట్టారు. రెండు పాతవీ కలిపి రాసిన కొత్త డిస్కే, లేబులు మీద ౨, సిరా ఇంకా మెరుస్తోంది. గరగర. ఆగింది.  మళ్ళీ గరగర.

నర్సు మొహమాటంగా కత్తి అందుకోబోయింది.

"కొయ్యకూడదు!" అన్నాడు డీటర్, కుర్చీలోంచి, గట్టిగా. "ఇంకా రాలేదు!"

అందరం అతని వైపు తిరిగాం. అతను తెర వైపే చూస్తున్నాడు. అప్పుడు # వచ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శాంత గారు ఏమీ టైపు చెయ్యలేదు. కీబోర్డు ఎత్తి డీటర్ ఒళ్ళో దుప్పటి మీద పెట్టారు.  అతని వేళ్ళకి కీలు వెతుక్కునే పని పడలేదు. తన పేరు తాను కొట్టాడు.

కీచుగొంతుతో ఆ చిన్న స్పీకర్ పాట అందుకుంది. ఆవరణలో పిచ్చుకలు ఎగిరిపోయాయి. అయిపోయేదాకా డీటర్ తల వంచి విన్నాడు.

"తప్పు," అన్నాడు.

"ఏమిటి?" అన్నారు శాంత గారు.

"మూడో స్వరం. కొంచెం పైకుండాలి."

"ఎప్పట్నుంచి తప్పు?"

"మొదట్నుంచీ."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం డీటర్?"

"చెప్పడమెందుకు? తెరిచే ఉంది కదా. చూసినవాళ్ళెవరో సరిచేస్తారనుకున్నాను." అని ఆవిడ వైపు తేరిపార చూసి, కళ్ళు చిట్లించాడు. "నువ్వు చూసి ఉండాల్సింది శాంతా. లోపల ఏముందో చూడొచ్చా అని అడిగింది నువ్వే కదా."

శాంత గారు మోకాళ్ళ మీద కూచుని, అతని ఒళ్ళో ఉన్న కీబోర్డు మీదే ఆ అంకెల వరస తెరిచి, మూడోదాన్ని మార్చారు. అతను మళ్ళీ తన పేరు కొట్టాడు. పాట మళ్ళీ మోగింది. ఇప్పుడు అతను ముక్కుతో తీసే పాటా, అదీ ఒకటే.

"పస్ట్ షో," అన్నాడు డీటర్. వాళ్ళ యాసలో పర్లేదులే, అని. ఈ చుట్టుపక్కల ఇంతకన్న పెద్ద మెచ్చుకోలు లేదు.

కేకు కోశారు. అందరూ తింటూ ఉండగా శాంత గారు బల్ల ఓ పక్కన లాప్‌టాప్ తెరిచి, సరిచేసిన డిస్కుని రెండు కొత్త డిస్కుల మీదికి కాపీ చేసి, సరిచూశారు. ఒకటి శుభ్రంగా వచ్చింది. ఇంకోటి ఒకచోట తట్టుకుంది. రెండింటి మీదా ౨ వేశారు. శుభ్రంగా వచ్చినదాన్ని స్నిగ్ధ టిఫిన్ డబ్బాలో పెట్టి మూత నొక్కారు.

"అయ్యో రామా! మళ్ళీ అదే పని!" అని రవీంద్రనాథ్ గారు నెత్తి కొట్టుకున్నారు.

స్నిగ్ధ డబ్బా పట్టుకుని మొహమాటపడింది. "మంచిది నాకిచ్చిన్రు. మరి మీకు ఆంటీ?"

"నీ దగ్గరుంది కదమ్మా," అన్నారు శాంత గారు.